బెరెంగారియా కడచూపు

ఆ బుధవారం పొద్దున ఎర్సిలియా తలపెట్టింది చిన్న పనే. పదకొండింటికి పురాతన కట్టడాల అధికారి వస్తాడు. రొక్కాల్బా కొండమీది పాత బురుజుకు జనం వస్తున్నారనిపిస్తే తెరిచి ఉంచుతాడు. లేదంటే తాళం వేయించి, ఇరవై రెండేళ్ళుగా దాన్ని కనిపెట్టుకుని ఉన్న ఎర్సిలియాను కింద లోయలోని ఆఫీసుకు పంపేస్తాడు. కిందటేడు వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది. అందులో ఇద్దరు దారి తప్పి వచ్చారు.

అందుకని ఊళ్ళోవాళ్ళనే పిలుద్దామని నోటీసు రాసింది. ఆ బురుజును మేమంతా "లావుపాటిది" అంటాం. అధికారి ముందు అదేం బాగుంటుందని పాత కాగితాల్లోని పేరు వెతికి పెట్టింది: "మనందరి బెరెంగారియా. ఎన్నో ఏళ్ళు నిటారుగా నిలిచింది. ఈ రోజు పదకొండింటికి బురుజు దగ్గరకు వచ్చి చూసిపోండి."

అచ్చువేసే గౌదెన్సియో దగ్గర నల్ల అంచు కాగితమే మిగిలింది. మా ఊళ్ళో ఆ కాగితం గోడెక్కిందంటే ఎవరో పోయినట్టే. "అక్షరాలు బాగా కనబడతాయిలే" అనుకుని ఆ మహానుభావుడు ఊరంతా తనే అంటించాడు.

తొమ్మిదింటికల్లా రొట్టెల కొట్టు ముందు గుంపు చేరింది.

"ఎవరే ఈ బెరెంగారియా?"

"అయ్యో, తెలీదా! నా జల్లెడ పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు చూడు, ఆవిడే," అంది కొట్టు ఓర్నెల్లా.

"పోయినావిణ్ణి అలా అనకు. ఎంత నిటారుగా నడిచేదో!"

తనెరగని మనిషి ఊళ్ళో ఉందంటే నామోషీ కదా, ఫాదర్ కూడా ఎవరినీ అడక్కుండా చావు గంట కొట్టించాడు. పదిన్నరకు ఊరంతా నల్లబట్టలేసుకుని, చావింటికి తీసుకెళ్ళే కాఫీపొడి, పంచదార పొట్లాలతో కొండెక్కింది. ఎర్సిలియా సంతోషం పట్టలేక తలుపు బార్లా తెరిచింది.

"ఎక్కడుంచారమ్మా?" అంది ఓర్నెల్లా గొంతు తగ్గించి.

ఎర్సిలియాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఏముంది, పైకెళ్ళి చూడండి!"

అంతే, తోసుకుంటూ ఎక్కేశారు. ముందు చేరినవాళ్ళకు పైన పావురాలు తప్ప ఏమీ కనబడలేదు. దిగుదామంటే దారి లేదు.

"కదలండర్రా, మేమూ చూడాలి!"

"ఇక్కడెవరూ లేరే! అప్పుడే తీసుకెళ్ళిపోయారా?"

"ఎవరిని?" అంది ఎర్సిలియా.

"బెరెంగారియాను!"

ఎర్సిలియా తల పట్టుకుంది. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది! బెరెంగారియా అంటే మీరెక్కిన ఈ లావుపాటిదే!"

మెట్లమీంచి ఓర్నెల్లా గొంతు వినబడింది. "మరి నా జల్లెడ?"

సరిగ్గా అప్పుడే అధికారి వచ్చాడు. మెట్టుమెట్టుకీ మనుషులు, చేతుల్లో రుమాళ్ళు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నా ఉద్యోగంలో ఇంత అభిమానం చూడలేదమ్మా!"

ఎర్సిలియాకు ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పకుండా నోరు మూసుకుంది.

"కానీ రోజూ ఇంతమంది ఎక్కితే ఆ పాత మెట్లు ఏం కావాలి? మూసేయాల్సిందే," అన్నాడాయన.

"ఇవాళ ఒక్కరోజేనండీ! రేపట్నుంచి ఒక్కరు కూడా రారు, ఒట్టు!"

"ఎవరూ రానిదాన్ని తెరిచి ఏం లాభం?" అంటూ ఆయన తాళం వేయించాడు.

ఎర్సిలియా గుమ్మంలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రోజు ఆ కొండమీద ఏడ్చినవాళ్ళలో, పోయిందెవరో తెలిసి ఏడ్చింది ఆవిడొక్కతే.