అర లీటరు పరీక్ష

ఆ ఆదివారం పొద్దున హాతీరాం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి పాల్వంచలో బావమరిది మంగీలాల్ మెకానిక్ షెడ్డుకు పోవాలి. అక్కడున్న రెండు పాత జీపుల్లో ఏ ఇంజను మంచిదో తేల్చుకోవాలి. పదకొండుకల్లా ఇంటికొచ్చి కోడికూరతో అన్నం తినాలి. భార్య లాలికి కూడా అదే మాట చెప్పి బయల్దేరాడు.

హాతీరాం థర్మల్ స్టేషన్‌లో ఫిట్టరు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. కొలవకుండా దేన్నీ నమ్మడు. ఇంట్లోకి కుక్కరు కావలసివస్తే మూడు దుకాణాల్లో మూడు కుక్కర్లలో నీళ్లు పోయించి చూశాడు. నాలుగో దుకాణం వాడు ఈయన్ను దూరం నుంచి చూసే షట్టరు దించుకున్నాడు. "పెండ్లిచూపులకు వచ్చిన దినం నన్ను గోడకు ఆనుకొని నిలవడమన్నడు" అని లాలి ఇప్పటికీ అందరికీ చెబుతుంది. హాతీరాం దాన్ని కాదనడు.

జీపు అవసరం మాత్రం నిజమైనదే. తండాలో అన్నదమ్ముల మిర్చి కల్లాల్లో ఎండుతోంది. తండాకు ముందు వాగుంది. ఇసుకలో దిగబడతామని లారీల వాళ్లు అటు రారు. మార్చి నెల అయినా రెండు రోజులుగా మబ్బు కమ్ముతోంది. "బుధవారం లోపల జీపుకు ట్రెయిలర్ కట్టి మీ మిర్చంత మెయిన్ రోడ్డుకు తెస్త" అని హాతీరాం తండాలో అందరి ముందూ మాటిచ్చాడు.

మంగీలాల్ షెడ్డులో రెండు జీపులూ కవల పిల్లల్లా ఉన్నాయి. రెండింటికీ వెనక భాగం కోసి, సామాను వేసుకునే తొట్టి బిగించాడు. తేడా అంతా ఇంజన్లలోనే. ఒకటి పెట్రోలుది, ఒకటి డీజిలుది.

"బావా, మొదలు ఒక్క మాట చెప్పు" అన్నాడు మంగీలాల్. "నీకు బరువు గుంజుడు గావాల్నా, మైలేజ్ గావాల్నా?"

"రెండూ గావాలె."

"రెండూ గావాల్నంటె రెండు జీపులూ కొను. పెట్రోలుది చావి తిప్పంగనె లేస్తది, ఎత్తు మీద గూడ ఉరుకుతది. గని మస్తు తాగుతది. డీజిలుది మెల్లగ కదులుతది, ఊరంత లేసేటట్టు మొత్తుకుంటది. గని తిండి తక్కువ."

"నువ్వు చెప్తె నేను నమ్మాల్నా? కొలుద్దాం."

కొలిచే సాధనం హాతీరాం సంచిలోనే ఉంది. లాలి సర్కారు దవాఖానాలో ఆయా. ఆమె చేత ఖాళీ అయిన సెలైన్ సీసా ఒకటి, దాని రబ్బరు గొట్టంతో సహా తెప్పించి, వేడినీళ్లతో కడిగించాడు. సీసా మీద అర లీటరు దాకా గీతలున్నాయి. అడుగు కోసేశాడు. జీపు ముందు అద్దానికి ఒక వెదురుకర్ర కట్టి, సీసాను తలకిందులుగా వేలాడదీసి, గొట్టాన్ని ఇంజనుకు తగిలించాలి. పైనుంచి సరిగ్గా అర లీటరు పోయాలి. ట్రెయిలర్‌లో పది ఇసుక బస్తాలు వేసి, బండి ఆగిపోయేదాకా నడిపి దూరం రాసుకోవాలి. తర్వాత అదే బరువుతో, అదే దారిలో రెండో జీపు. ఆ పరీక్షలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పంతా ఆ సీసా వల్ల వచ్చింది.

అడవి మొదలయ్యేచోట సీసా నింపి హాతీరాం పెట్రోలు జీపులో ముందు కదిలాడు. డీజిలు జీపులో వెనక రావలసిన మంగీలాల్‌కు చాయ్ హోటల్ దగ్గర తెలిసినవాళ్లు కనబడ్డారు. హాతీరాం అది చూసుకోలేదు. అతని కళ్లు సగం రోడ్డు మీద, సగం సీసా మీద ఉన్నాయి. రెండున్నర కిలోమీటర్లు పోయాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా రేగులగూడెం ముందు.

ఇప్పపువ్వు ఏరుకుని గంపతో వస్తున్న ముత్తక్క జీపును చూసి ఆగింది. తెల్లచొక్కా మనిషి, జీపు, కర్రకు వేలాడే సీసా, సీసాకు గొట్టం. దవాఖానా జీపు వస్తుంది, వస్తుంది అని ఆ గూడేనికి ఏడాదిగా చెబుతున్నారు. ఆమె గంప దించింది.

"వచ్చినవా బిడ్డా! నీ కోసమే ఏడాది సంది జూస్తున్నం."

"అవ్వా, నేను డాక్టర్‌ను గాదు. ఫిట్టర్‌ను."

"ఫిట్సు డాక్టరువా? మా ఊర్ల ఫిట్సు ఎవలకు లెవ్వు బిడ్డా. కాళ్లకు మందియ్యవా?"

"నేను మనుషులను జూడను అవ్వా. గుంజుడు టెస్ట్ చేస్తున్న. ఏది ఎంత గుంజుతదో చూస్తున్న."

ముత్తక్క ముఖం విప్పారింది. "నాది గూడ గుంజుడే బిడ్డా! పిక్కలు రెండూ గుంజుతున్నయ్. కుడిది ఎక్కువ గుంజుతది, రాసుకో." అని గూడెం వైపు తిరిగి ఒక్క కేక వేసింది.

పావుగంటలో ఇరవైమంది చేరారు. హాతీరాం ఎంత వివరిస్తే వరస అంత పొడుగయ్యింది. ఒకాయన అడక్కుండానే నాలుక బయటపెట్టాడు. ఒకామె మోచేయి చూపించి మోకాలి సంగతి చెప్పింది. "నాకు వైద్యం రాదు" అని అతను చేతులు జోడిస్తే, ఇంత మర్యాద గల డాక్టరును మునుపు చూడలేదని చెప్పుకున్నారు.

అప్పుడు డడడడమంటూ మంగీలాల్ వచ్చాడు. జనాన్ని చూసి, పరీక్ష చూడ్డానికి వచ్చారనుకుని సంతోషించాడు. ట్రెయిలర్ విప్పి తన జీపుకు తగిలించి, బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. డీజిలు ట్యాంకు నుంచి వచ్చే పైపు నట్టు తుప్పుపట్టి కదలనంది. లోపలి నుంచే అరిచాడు.

"బావా, గిది మామూలుగ రాదు. ఆపరేషన్ చెయ్యాల్సిందే. కత్తి ఇటియ్యి, పైపు కోస్త."

గూడెం మగవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పక్క ఊళ్లో ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చి మగవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి ఇంకా ఏడాది కాలేదు. ఒకతనికి అడవిలో మేస్తున్న ఆవు గుర్తొచ్చింది. ఇంకొకతనికి ఆ ఆవును వెతకడంలో సాయం చేయాలని తోచింది. రెండు నిమిషాల్లో పద్దెనిమిదేళ్లకూ యాభైకీ మధ్య వయసున్న మగవాడు ఆ ఊళ్లో లేడు.

ఆడవాళ్లు, ముసలివాళ్లు మాత్రం దవాఖానాకు తీసుకుపోతారనుకుని ట్రెయిలర్‌లోకి ఎక్కి ఇసుక బస్తాల మీద కూర్చున్నారు. హాతీరాం గుండె బాదుకున్నాడు.

"బరువు మారింది! పరీక్ష చెల్లదు!"

"అయితె ఏమైంది బావా? మనిషికో బస్తా దించెయ్. లెక్క సరిపోతది."

హాతీరాంకు ఈ మాట న్యాయంగానే తోచింది. మనుషుల్ని ఎగాదిగా చూస్తూ బస్తాలు దించసాగాడు. ముత్తక్క దగ్గర ఆగి, "ఈమె అర బస్తానే ఉంటది" అన్నాడు.

"నేను అర బస్తానా? పదహారు మందిని గన్న!" అని ముత్తక్క నిలబడి కేకలేసింది. సగం ఖాళీ చేసిన బస్తా చేతిలో పట్టుకుని హాతీరాం ఆలోచనలో పడ్డాడు.

అప్పుడు ఊరిపెద్ద దూలయ్య వచ్చాడు. అరవై దాటినవాడు కాబట్టి ఆపరేషన్ భయం లేదు. జనం పక్కకు తప్పుకున్నారు.

"సార్లూ, నా బిడ్డకు నిన్నటి సంది నొప్పులు. కడుపుల బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. మంచం మీద మోసుకపోదామని నలుగురిని పిలిచి పెట్టిన." అంటూ అడవి వైపు చూశాడు. "ఆ నలుగురు గిప్పుడే ఉరికిన్రు."

హాతీరాం చేతిలోని బస్తా నుంచి ఇసుక సన్నగా కాళ్ల మీద కారింది. ఆ నలుగురు ఎందుకు ఉరికారో అతనికి ఇప్పుడు అర్థమైంది.

"మంగీ, టెస్ట్ బంద్" అన్నాడు. "అందర్ని దించు, బస్తాలన్నీ దించు. గడ్డి పరువు."

పెట్రోలు జీపు ట్యాంకు అడవి దాకా వచ్చేసరికే ఖాళీ అయ్యింది, సీసాలోదీ అయిపోయింది. ఐదు లీటర్ల డీజిలు డబ్బా మాత్రమే ఉంది. డీజిలు జీపుకు ట్యాంకు పైపు కోసేశారు. ఇక ఆ సీసా ఒక్కటే దారి. దాన్ని కర్ర నుంచి తెంపి గొట్టం తగిలించారు. కర్రను విప్పి ఇటు కట్టే టైము లేదు. ముత్తక్క ముందు సీట్లోకి ఎక్కి సీసాను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. డబ్బా మంగీలాల్ తీసుకున్నాడు.

"అవ్వా, గీ గీత కిందికి దిగొద్దు. దిగితె గాలి జొరవడి ఇంజను ఆగుతది. ఆగిందంటె మల్ల లేవదు."

"నా పానం బోయినా దిగనియ్య. నువ్వు నడుపు."

ట్రెయిలర్‌లో గడ్డి మీద దూలయ్య బిడ్డ, ఆమెను పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు, మంత్రసాని, దూలయ్య కూర్చున్నారు. మంగీలాల్ తొట్టిలో నిలబడి డబ్బా ఎత్తి సీసాలో పోస్తూ వచ్చాడు. కుదుపుకు సగం సీసాలో, సగం ముత్తక్క తలమీద పడింది. ఎత్తు దగ్గర జీపు చెవులు పగిలేలా మొత్తుకుంది గానీ ఆగలేదు. వెనక ఆ పిల్ల అరుపు వినబడినప్పుడల్లా హాతీరాం పళ్లు బిగించాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టకుండా ప్రయాణం చేశాడు.

పాల్వంచ దవాఖానా వరండాలో లాలి నేల తుడుస్తోంది. గేటులోంచి జీపు దూసుకొచ్చింది. స్టీరింగ్ దగ్గర ముఖం మాడిపోయిన మొగుడు. పక్కన ఒక ముసలామె సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని ఉంది. లాలి చేతిలో గుడ్డ జారిపోయింది.

"మేడం! మా ఆయన సెలైన్ ఎక్కించుకుంట జీపు నడుపుతుండు!"

డాక్టర్ ప్రమీలారాణి పరుగున వచ్చింది. మధిర వైపు మనిషి, మాటలో కోస్తా యాస. హాతీరాం చెయ్యి పట్టుకుని నాడి చూస్తూనే సీసా వైపు చూసి, దగ్గరకు పోయి వాసన చూసింది.

"ఇదేంటండీ? డీజిలు!"

"అవ్ మేడం. అర లీటరు. పేషెంటు వెనకున్నది."

ఇంకో మాట అడక్కుండా ఆమె ట్రెయిలర్ దగ్గరకు ఉరికింది.

గంటన్నర తర్వాత ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం. దూలయ్య వరండా మెట్ల మీద కూలబడి తలపాగాతో ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి లేచి, హాతీరాం భుజం మీద చెయ్యి వేసి, బిడ్డ దగ్గరకు పోయాడు. ముత్తక్క మాత్రం డీజిలు కారుతున్న తలతోనే డాక్టరు ముందు కూర్చుని రెండు పిక్కలకూ మందు రాయించుకుంది.

"జీపు కావాలని నాలుగుసార్లు రాశాను" అంది ప్రమీలారాణి, హాతీరాంను పైనుంచి కిందికి చూస్తూ. "నాకు రాలేదు. మీరేమో రెండు జీపులేసుకుని నా ఊళ్లల్లో క్యాంపు పెట్టేశారే!"

"క్యాంపు గాదు మేడం, మైలేజ్..." అని మొదలుపెట్టాడు. లాలి కళ్లతోనే ఆపింది.

మూడు గంటలకు ఇంట్లో కోడికూర చల్లారిపోయింది. హాతీరాం ముద్ద పట్టుకుని మంగీలాల్‌ను అడిగాడు.

"డీజిలుది ఎంత తాగింది?"

"ఎవడు కొలిచిండు బావా? కొంత ఇంజను తాగింది, కొంత ముత్తక్క నెత్తి తాగింది."

సోమవారం పొద్దున హాతీరాం ఉసూరుమంటూ తండాకు పోయాడు. డీజిలు జీపు పైపు అతకలేదు. పెట్రోలు జీపు రేగులగూడెంలోనే ఉంది. బుధవారం మాట తప్పుతుందని చెప్పి తిట్లు తినడానికి సిద్ధమై వాగు దాటాడు. తీరా చూస్తే కల్లాల దగ్గర తొమ్మిది ఎద్దుల బండ్లున్నాయి. దూలయ్య నిలబడి బస్తాలు ఎక్కిస్తున్నాడు. నిన్న అడవిలో పడ్డవాళ్లంతా ఇప్పుడు బస్తాలు మోస్తున్నారు. మిర్చి సంగతి దవాఖానా వరండాలో లాలి చెప్పిందట.

"మీ పెట్రోలు జీపును గూడ తెచ్చినం" అన్నాడు దూలయ్య. వెనక్కి చూపించాడు. రెండు ఎద్దులు దాన్ని మోకుతో నింపాదిగా ఇసుకలోంచి లాక్కొస్తున్నాయి.

మధ్యాహ్నానికి మిర్చంతా వాగు దాటి రోడ్డుకు చేరింది. మంగళవారం వడగళ్లు పడ్డాయి. తండా మొత్తం హాతీరాంను మెచ్చుకుంది. అతను మాత్రం ఇబ్బందిగానే ఉన్నాడు. ఏ ఇంజను మంచిదో ఇంకా తేలలేదు.

"వచ్చే ఆదివారం సరిగ్గ చేద్దాం మంగీ. ఊర్లు లేని దారి చూడు" అని చెప్పి, ఇంకో సీసా సంపాదించాడు.

ఈ లోపల గురువారం నాడు డాక్టర్ ప్రమీలారాణికి కాగితం వచ్చింది. కొత్త జీపు ఇవ్వలేమనీ, కావాలంటే ఒకటి కిరాయికి తీసుకోవచ్చుననీ. ఆమె నేరుగా మంగీలాల్ షెడ్డుకు వచ్చింది. గుంజుడు సంగతి, తాగుడు సంగతి మంగీలాల్ చెప్పబోయాడు.

"అవన్నీ నాకెందుకండీ? మొన్న పేషెంటును తెచ్చింది ఏది?"

"గా డీజిలుది మేడం."

"అదే పంపించండి" అని, ఎక్కిన రిక్షా దిగకుండానే వెనక్కి పోయింది.

ఆదివారం హాతీరాం వచ్చేసరికి షెడ్డులో పెట్రోలు జీపు ఒక్కటే ఉంది. ఒక్కటే ఉన్నప్పుడు ఇక ఎంచుకునేదేముంది, అదే తీసుకుని ఇంటికి పోదామని వెంట వచ్చిన లాలి అంది. హాతీరాం ఒప్పుకున్నాడు. అయినా ట్రెయిలర్‌లో పది బస్తాలు వేసి ఆ జీపునే ఒకే దారిలో రెండుసార్లు నడిపి, మొదటిసారి కంటే రెండోసారిదే మంచి ఇంజనని తేల్చాడు.