కంప్యూటరు గడప

మొగిలమ్మ చెప్పిందని బక్కమ్మ చెప్పిన ప్రకారం, రాజేశ్వర్ రావు దుకాణంలో పట్టుబడ్డ దొంగ తాటిచెట్టంత ఎత్తున్నాడు, చేతిలో కర్ర ఉంది, కంప్యూటరును ఒళ్లో పెట్టుకొని ఎవరు పిలిచినా కదలకుండా కూర్చున్నాడు. బక్కమ్మ పూలమ్ముకునేది ఆ దుకాణానికి నాలుగు సందుల అవతల. ఆ రోజు ఆమె దగ్గర మూరెడు బంతిపూలు కొన్న ప్రతి మనిషికీ ఈ కథ కొసరుగా దక్కింది. కాశిబుగ్గ చేరేసరికి దొంగలు ఇద్దరయ్యారు.

నిజంగా జరిగింది ఇంత లేదు. కాని పరువు లెక్కన చూస్తే దొంగలు పడటమే నయం.

రాజేశ్వర్ రావుకు వరంగల్ చౌరస్తా పక్క సందులో పెళ్లి పత్రికల దుకాణం ఉంది. దసరా మర్నాటి పొద్దున ఆయన వేసుకున్న పథకం చిన్నది. పరకాల అవతలి ఊరి నుంచి వచ్చే రాయమల్లుకు కొడుకు పెళ్లి పత్రికలు అచ్చువేసి ఇవ్వాలి. తర్వాత షట్టరు దించి, భార్య అనసూయతో మధ్యాహ్నం బస్సుకు ఏటూరునాగారం వెళ్లి, అత్తగారి చేతిలో జమ్మి పెట్టి రావాలి. ఈ రెండో పని అనసూయ పథకం. రావు దాన్ని కాదనలేదు. అవుననీ అనలేదు.

రాయమల్లు పని మాత్రం దాటవేసేది కాదు. పత్రికలు వర్జ్యం రాకముందే, అంటే పన్నెండు లోపే, దుకాణం గడప దాటాలని ముహూర్తం పెట్టిన అయ్యగారు గట్టిగా చెప్పాడు. రాయమల్లు మాట మీద ఆ చుట్టుపక్కల పది ఊళ్ల పెళ్లిళ్లు రావు దుకాణానికి వస్తాయి. ఆ మనిషి మొహం తిప్పుకున్నాడంటే పది ఊళ్లూ ఎదురుగా కొత్తగా తెరిచిన దుకాణం వైపు మొహం తిప్పుకుంటాయి.

దుకాణంలో ఉన్నది ఒకటే కంప్యూటరు. ఒకసారి దానికి వైరసు పట్టి చచ్చి బతికినప్పుడు, మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మేనల్లుడు సాయితేజ వచ్చి అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి పోయాడు. అప్పటి నుంచి రావు బజారులో ఛాతీ విరుచుకొని తిరిగాడు. "మాది లినక్స్. వైరసు రాదు, ఆగుడు లేదు" అని టీకొట్టు దగ్గర ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. సాయితేజ ఆయనకు రెండే రెండు ముక్కలు నేర్పాడు. ఒకటి, అప్‌డేటు చేసే ఆదేశం. రెండు, అప్‌డేటు నడుస్తుండగా మధ్యలో ఆపొద్దు, ఆపితే మిషను మళ్లీ లేవదు. మొదటిదాన్ని రావు మంత్రంలా కంఠతా పట్టాడు. రెండోదాన్ని వ్రతంలా పట్టాడు.

ముందురోజు ఆయుధపూజ కూడా రావు స్వహస్తాలతోనే చేశాడు. తండ్రి కాలంలో తొక్కుడు మిషనుకు ఇనుము కనిపించకుండా పసుపు పూసేవాళ్లు. ఆ పసుపును ఎవరూ తుడవకూడదు, దానంతట అది రాలిపోవాలి. కంప్యూటరుకు ఎక్కడ పూయాలా అని ఆలోచించి, ప్రతి దానికీ ఒక గడప ఉంటుంది కదా అని, తెర కింది అంచునే గడపగా నిర్ణయించాడు. అక్కడ అరచేతి వెడల్పున పసుపు మెత్తాడు. భక్తి ఎక్కువై అది అంచు దాటి అద్దం మీదికి కూడా పాకింది. పైన అయిదు కుంకుమ బొట్లు.

పొద్దున రావు, రాయమల్లు పత్రికలకు అచ్చు ఆదేశం ఇచ్చాడు. ప్రింటరు నాలుగు కార్డులు వదిలింది. అంతలో తెర మూలన అప్‌డేటు ఉందని చిన్న కబురు మెరిసింది. ఊరకుంటే ఊరకుండేది. కాని రావు ఇంటికి వచ్చిన కరెంటు బిల్లునైనా పక్కన పెడతాడు గాని, లినక్స్ పంపిన కబురును పక్కన పెట్టడు. మంత్రం కొట్టాడు. తెర నిండా అక్షరాలు చీమల బారులా పైకి పాకాయి. పాకి పాకి ఆగిపోయాయి. ప్రింటరు కూడా ఆగిపోయింది.

"ఇగో, ఇంటున్నవా" అంది అనసూయ, పత్రికల కవర్లకు జిగురు రాస్తూ. "ఇయ్యాల అమ్మ దగ్గరికి పోతమా, పోమా?"

"ఆగు. నడుస్తాంది."

"నడుస్తలేదు. ఆగింది."

"ఆగినట్టు కనపడుతది. లోపల నడుస్తాంది."

ఏదో ఒకటి కదులుతుందని అచ్చు ఆదేశం మళ్లీ ఇచ్చాడు. కదల్లేదు. మళ్లీ ఇచ్చాడు. లిఫ్టు రాకపోతే మీట పదిసార్లు నొక్కే మనిషి ఆయన.

రాయమల్లు వచ్చాడు. కర్ర మూలకు ఆనించి, స్టూలు మీద కూర్చుని, టీ తాగి, ప్రింటరును ఎడ్ల సంతలో ఎద్దును చూసినట్టు చుట్టూ చూశాడు.

"ఏమైంది సేటూ, మొరాయించిందా?"

"అప్‌డేట్ అయితాంది రాయమల్లన్నా. జర ఆగు."

"మా ట్రాక్టరు గిట్లనే చేస్తది. ఒక్క తన్ను తంతే లేస్తది. తన్నాల్నా?"

"వద్దన్నా, నీకు దండం పెడుత. దాన్ని ముట్టకు."

"నా కార్డులు వర్జ్యం లోపట గడప దాటకుంటే నేనే నీకు దండం పెట్టి పోత" అన్నాడు రాయమల్లు. అతని చూపు ఎదుటి దుకాణం బోర్డు మీదికి పోయింది. రావు ఆ చూపు వెంటే చూశాడు. సాయితేజకు ఫోను కలిపాడు.

"మీటింగుల ఉన్న మామా, జల్ది చెప్పు" అన్నాడు మేనల్లుడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని. "చివరి లైన్ల ఏమున్నది?"

రావు కళ్లద్దాలు సవరించి, పసుపుకు పైన కనిపిస్తున్న ఆఖరి వరుసను కూడబలుక్కొని చదివాడు. అది ప్రింటరు సంగతి ఏదో మొదలుపెట్టి సగంలో ఆగినట్టుంది. సాయితేజకు అర్థం కాలేదు. పక్కన ఇంకో కిటికీ తెరిచి అదే ఆదేశం మళ్లీ కొట్టమన్నాడు. రావు కొట్టాడు. ఇప్పటికే ఇంకొకరు పట్టుకొని ఉన్నారు, వాళ్లు వదిలేదాకా ఆగాలి అన్నట్టు ఇంగ్లీషులో జవాబు వచ్చింది.

సందులో ఎండ తెర మీద పడి అక్షరాలు సరిగా కనపడటం లేదు. రావు లేచి షట్టరు సగం దించాడు. ఫ్యూజు మీద బరువు పడితే మిషను మధ్యలో ఆగిపోతుందన్న భయంతో లైటూ ఫ్యానూ ఆపేశాడు. ఆ చీకట్లో నిలబడి, సాయితేజకు వినపడాలని గట్టిగా అరిచాడు.

"లోపల ఎవడో ఉన్నడంటాందిరా. పట్టుకొని కూసున్నడట. వదుల్తలేడు. నువ్వు జల్ది రా."

కోతిపుండు బ్రహ్మరాక్షసి కావడానికి గోకే గోరు ఒకటి కావాలి. ఆ గోరు పక్కనే గాజుల దుకాణంలో కూర్చుని ఉంది. మొగిలమ్మకు మాట వినపడింది. వంగి షట్టరు కింది నుంచి చూసింది. రాయమల్లు కాళ్లు కనిపించాయి, మోకాళ్ల దాకా దుమ్ముతో. పక్కన కర్ర కనిపించింది. అవి ఎవరి కాళ్లో ఆమెకు తెలియదు. ఆమెకు ఇంకేం చూడాల్సిన పని లేకపోయింది.

"దొంగ ఉన్నడు లోపల. రావు సేటును పట్టుకొని కూసున్నడు" అని సందు మొత్తానికి చెప్పింది. సందు లేచి వచ్చింది. ఒకరు చీపురు, ఒకరు టీకొట్టు బెంచీ విరిగిన కాలు. అందరూ కలిసి మొదట చేసిన పని, దొంగ ఉరకకుండా షట్టరు పూర్తిగా దించడం. మొగిలమ్మ తన దుకాణం తాళం తెచ్చి వేసింది. తాళంచెవి కొంగున ముడేసుకొని, పోలీసును పిలుచుకు వస్తానని చౌరస్తాకు పోయింది. దొంగతోపాటు రావుకూ తాళం పడిందన్న సంగతి ఆమె వెళ్లిపోయాక ఎవరికో తట్టింది. "సేటు జర ఓపిక గల మనిషే" అని ఇంకెవరో సర్దిచెప్పారు.

లోపల మనిషికి మనిషి కానరాని చీకటి. రాయమల్లు కర్ర కోసం తడుముతూ జిగురు డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"సేటూ, ఏం చేస్తాన్నవు? కార్డులు అడిగితే ఖైదు చేసినవేంది?"

"లైటేస్త" అంది అనసూయ.

"ముట్టకు. ఫ్యూజు పోతది."

"ఫోన్ ఇటియ్యి, దాని లైటన్న ఏస్త."

"సాయితేజ లైన్ల ఉన్నడు."

సాయితేజ ఎప్పుడో ఫోను పెట్టేసి బండెక్కాడు. రావు చెవి దగ్గర ఉన్నది ఖాళీ ఫోను. చీకట్లో వెలుగంటూ ఇచ్చేది ఆ కంప్యూటరు తెర ఒక్కటే, అదీ కిందంతా పసుపు పూతతో, కామెర్లు వచ్చినట్టు.

"లైటు ఎయ్యొద్దు, ఫోన్ ఇయ్యవు. ఈ వెలుగన్న రానియ్యి" అని అనసూయ కొంగుతో తెర గడపను ఒక్క తుడుపు తుడిచింది.

"దసరా పసుపు" అన్నాడు రావు. ఆ మాట అయిపోయేలోపే పసుపు అయిపోయింది.

దాని కింద ఒక వరుస బయటపడింది. వరుస చివర చిన్న కర్రలాంటి గీత ఒకటి కొట్టుకుంటోంది, గుమ్మం ముందు నిలబడి తలుపు తడుతున్న మనిషిలా. అనసూయ ఇంటరు దాకా ఇంగ్లీషు చదివింది. వంగి చదివింది.

"ప్రింటరుకు మీరు పెట్టుకున్న పాత పద్ధతే ఉంచాల్నా, కొత్తది పెట్టాల్నా అని అడుగుతాంది. కొత్తదైతే వై, పాతదైతే ఎన్ కొట్టుమంటాంది."

రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకొని, "తొందరపడకు. సాయితేజ వచ్చినంక ఆలోచించి చెప్దాం" అన్నాడు.

అనసూయ మీట నొక్కింది.

"ఏది కొట్టినవ్?"

"పాతదే. కొత్తది ఈ దుకాణంల ఎన్నడు నడిచింది?"

చీమల బారు మళ్లీ కదిలింది. గబగబా పాకి, పని ముగిసిందన్నట్టు ఒదిగి నిలబడింది. మూలన ప్రింటరు దగ్గి, గొంతు సవరించుకుని, పత్రికలు వదలడం మొదలుపెట్టింది. రాయమల్లు జిగురు చేతులతోనే దోసిలి పట్టాడు. ఆర్డరిచ్చిన లెక్క దాటింది. ప్రింటరు ఆగలేదు. రావు పొద్దున్నుంచి ఇచ్చిన ఆదేశాలన్నీ దానికి గుర్తున్నాయి.

అప్పుడే మొగిలమ్మ తిరిగొచ్చింది. పోలీసు దొరకలేదు గాని, మడికొండ నుంచి వచ్చిన సాయితేజ దొరికాడు. తాళం తీశారు. షట్టరు లేచింది. మోచేతుల దాకా జిగురుతో, చంకలో పత్రికలతో, చేతిలో కర్రతో రాయమల్లు బయటికి ఉరికాడు. మొగిలమ్మ చెప్పిన ఆనవాలు ఒక్కటీ తప్పలేదు. నలుగురు మీద పడ్డారు.

"దొంగను కాదు, పెండ్లికొడుకు తండ్రిని. చూసుకోండ్రి" అంటూ రాయమల్లు చంక వదిలాడు. పత్రికలు గడప దాటి సందంతా ఎగిరాయి. జనం తలా ఒకటి ఏరుకొని, చీపురు చంకన పెట్టుకొని చదివారు. వర్జ్యం ఇంకా రాలేదు. ఒకాయన మర్యాదగా, "తప్పకుంట వస్తమన్నా" అన్నాడు. మిగతావాళ్లూ వస్తామన్నారు.

"మొదటి కార్డు పోచమ్మ గుడిల పెట్టాలనుకుంటే మొగిలమ్మ కాళ్లకాడ పడ్డది" అన్నాడు రాయమల్లు, దుమ్ము దులుపుకుంటూ. "అయినా మంచి గడియల గడప దాటినయి. నీకు దండం సేటూ. వట్టి దండమే, పోయే దండం కాదు."

రావుకు పోయిన ప్రాణం వచ్చింది. సాయితేజ తెర ముందు కూర్చుని, పైనుంచి కింది దాకా చూసి, తల పట్టుకున్నాడు.

"మామా, మిషనుకు ఏ రోగం లేదు. పొద్దటి సంది నిన్ను ఒక్క మాట అడిగి కూసున్నది, అంతే. అవునో కాదో చెప్పేదాక అది కదలది. అడిగినప్పుడు జవాబు చెప్తే అయిపోయేది."

రావు మేనల్లుడి వైపు చూడలేక అనసూయ వైపు చూశాడు. ఆమె జమ్మి ఆకు కట్టిన చిన్న మూటను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. చౌరస్తా వైపు ఏదో బస్సు హారను మోగింది.

"అది పొద్దటి సందే అడుగుతాంది" అంది అనసూయ. "నేను లగ్గమైన సంది అడుగుతాన్న. పోతమా, పోమా?"

దుకాణంలో ప్రింటరు ఒక్కటే మాట్లాడుతోంది.