బాలి గవ్వలకు ప్రభుత్వ సంరక్షణ

సముద్రం లేనంత మాత్రాన సముద్రజీవులను కాపాడే బాధ్యత నుంచి ఏ జిల్లా తప్పించుకోరాదని 1986లో పైవాళ్ళు తీర్మానించారు. అలా ఖమ్మం జిల్లాకూ ఒక కార్యాలయం వచ్చింది: అంతరించిపోతున్న సముద్రపు గవ్వల జన్యుచరిత్ర, సంరక్షణ విభాగం, పాల్వంచ. (సముద్రమున్న జిల్లాకు ఆ ఏడు వెదురు పరిశోధన కేంద్రం దక్కింది.)

అధికారి వెంకటనారాయణ గారికి జీపు, కుర్చీ, అటెండరు సమకూరాయి. గవ్వలే సమకూరలేదు. ఏడాది లెక్కలు చూపాల్సిన మార్చి ముంచుకొచ్చి కాళ్ళూ చేతులూ ఆడని వేళ, దమ్మపేట బస్సులోంచి బాలి దిగింది. లంబాడీ ముసలామె, రవిక నిండా కుట్టిన గవ్వలు. ఆయనకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

మనవరాలు ద్వాలి పెళ్లికి ఎర్రదారం కొనడానికి వచ్చిన బాలిని ఆయన స్వయంగా జీపులో తండాకు దిగబెట్టారు. పెద్దసారు జీపెక్కించాడని బాలి మురిసిపోయింది. పెళ్లికూతురు తలమీంచి వీపు మీదికి వేలాడే గవ్వల గుడ్డను కూడా తనే తెచ్చి చూపించింది, పాపం.

"ఇవి ఎక్కడివమ్మా?"

"మా అమ్మయి సారు. అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. ఇగ ద్వాలికి ఇయ్యాలె."

"మరి మగవాటి సంగతేమిటి?"

"మగోళ్లకు గవ్వలెందుకు సారు?"

జన్యుచరిత్ర అక్కడికక్కడే తేలిపోయింది: ఈ జాతి తల్లివైపు నుంచే సంక్రమిస్తుంది, మగవి పూర్తిగా అంతరించాయి. పరిస్థితి ఇంత విషమించాక ఆలస్యం చేయడం నేరమని, వెంట వచ్చిన అటెండరు హరిలాల్ కత్తెరతో కుట్లు తెంపి గుడ్డమీదివీ రవికమీదివీ గవ్వలన్నిటికీ విముక్తి కలిగించాడు. (సంరక్షణలో ఇది మొదటి దశ.) ఆఫీసు వెనక సిమెంటు తొట్టిలో బస్తా గల్లుప్పు కలిపి వాటిని వదిలారు. అలలు లేకపోతే గవ్వలు బెంగ పెట్టుకుంటాయని హరిలాల్ పూటపూటా కర్రతో నీళ్ళు కలిపేవాడు.

పెళ్లి రెండురోజుల్లో ఉందనగా బాలి ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది.

"గవ్వల్లేకుంట పిల్లను ఎట్ల తోలాలె సారు? అత్తగారి తండాల నవ్వుతరు. జర ఇప్పించుండ్రి."

"మీ పిల్ల పెళ్లి మా పరిధిలోకి రాదమ్మా. గవ్వలకు సంతానం కలగగానే తల్లుల్ని తిరిగిచ్చేస్తాం."

"ఏంది సారు! గవి సచ్చి ఎన్నేండ్లయిందో! ఇప్పుడు పిల్లలు పుట్టుడేంది?"

వెంకటనారాయణ గారు లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు. "గట్టిగా అనకు తల్లీ. చచ్చాయని తెలిస్తే ఆఫీసు ఎత్తేస్తారు."

ద్వాలి బోసిగుడ్డ కప్పుకునే అత్తగారింటికి వెళ్లింది. సాగనంపేటప్పుడు పెళ్లికూతుర్ని పట్టుకుని ఏడవడం తండాలో ఆచారం. ఆ రోజు బాలి ఏడ్చింది మాత్రం ఆచారానికి కాదు. జీపెక్కిన తన మురిపెం గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండింది.

ఈ కబురు చుట్టుపక్కల తండాలకు పాకి, ఆడవాళ్ళంతా గవ్వల బట్టలు మూటగట్టి బియ్యం గాదెల అడుగున దాచేశారు. మరుసటి ఏడు పైనుంచి వచ్చిన తనిఖీ బృందం తండా తండా తిరిగినా ఒక్క గవ్వ కనబడలేదు. స్థానికుల అశ్రద్ధ వల్ల జాతి అంతరించే దశకు చేరిందని నిర్ధారించి, కార్యాలయాన్ని మరో ఐదేళ్ళు పొడిగించి, రెండో జీపు మంజూరు చేశారు.