డిఫెండర్ కుడిచెయ్యి

హేషాన్ నగర క్రీడాశాఖ డైరెక్టర్ నింగ్ గారు మార్చి మొదటి సోమవారం నాడు, మూత ఉన్న టీ కప్పును పక్కకి జరిపి, ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. ఇకనుంచి హేషాన్ ఉక్కు ఫుట్‌బాల్ జట్టుకు గోల్ పడదు. పొరపాటున పడితే, ఆ క్షణాన బంతికి అందరికన్నా దగ్గరగా ఉన్న మన ఆటగాడు రెండువేల అక్షరాల ఆత్మవిమర్శ స్వదస్తూరీతో రాసి, జట్టు ముందు నిలబడి చదవాలి. గోల్‌కీపర్‌కు మాత్రం మినహాయింపు. అతను డైరెక్టర్ గారి బావమరిది.

"బాధ్యతను మీటర్లలో కొలవాలి," అన్నారు నింగ్ గారు. అందరూ నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. వెనక వరుసలో కూర్చున్న డిఫెండర్ తావ్ లిషెంగ్ కూడా రాసుకున్నాడు.

తావ్‌కి ముప్పై నాలుగేళ్లు. పద్నాలుగేళ్లుగా ఇదే జట్టు, ఇదే స్థానం. మొత్తం ఆటజీవితంలో రెండు గోల్స్ కొట్టాడు, అందులో ఒకటి మన గోల్లోకే. అయినా ఇప్పటికి రెండువందల డెబ్బై మ్యాచ్‌లు ఆడాడు. ఈ సీజన్‌లో ముప్పై మ్యాచ్‌లూ ఆడితే సరిగ్గా మూడువందలు. నవంబరుతో ఒప్పందం అయిపోతుంది, ఆ తర్వాత ఆట లేదు. మూడువందలు ఆడినవాడికి క్లబ్బు ఆ అంకె వేసిన చొక్కాను అద్దాల ఫ్రేములో పెట్టి ఇస్తుంది. ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. తావ్ ఇంట్లో టీవీ పైన గోడకి మేకు కొట్టి సిద్ధంగా ఉంచాడు.

ఏప్రిల్ కల్లా డైరెక్టర్ గారి సూత్రం జట్టుకి బాగా వంటబట్టింది. అవతలివాళ్లు బంతితో వస్తే మనవాళ్లు మర్యాదగా పక్కకి తప్పుకునేవారు. తావ్ ఒక్కడే ఎదురు పరిగెత్తేవాడు. తోటి డిఫెండర్ కోంగ్ రుయ్ ఉండబట్టలేక అడిగేశాడు.

"అన్నా, నీకేమైనా పిచ్చా? బంతి వస్తుంటే ఎదురెళ్తావేంటి?"

"డిఫెండర్ని కదరా."

"నేనూ డిఫెండర్నే. నా పేర ఒక్క కాగితమైనా ఉందా? ముందు నిన్ను నువ్వు కాపాడుకో."

"మరి గోల్‌ని ఎవరు కాపాడతార్రా?"

"అది డైరెక్టర్ గారి సర్క్యులర్‌లో లేదన్నా."

అక్టోబరు అయ్యేసరికి తావ్ నలభై ఒక్క ఆత్మవిమర్శలు రాశాడు. రాయగా రాయగా చెయ్యి తిరిగింది. మొదటిదాంట్లో 'నేను జారిపడ్డాను' అని మాత్రమే ఉండేది. ముప్పైలు దాటాక, జెర్సీలు ఉతికే ఆవిడ కూడా పని ఆపి విని, కళ్లు తుడుచుకుని వెళ్లేది. కబురు డైరెక్టర్ గారి దాకా పోయింది.

"తావ్, నీ ఎడమకాలి సైద్ధాంతిక బలహీనత గురించి రాశావే, అద్భుతమయ్యా. నాకూ ఒకటి రాసిపెట్టు."

"మీకూ గోల్ పడిందా సార్?"

"ప్రావిన్స్ మీటింగ్‌లో చిన్న కునుకు పడింది."

తావ్ రాసిచ్చాడు. పైవాళ్లు మెచ్చుకున్నారు. అప్పట్నుంచి నింగ్ గారు వారానికొక తప్పు ధైర్యంగా చేయసాగారు. తావ్ రాసింది ముందుగా చదివే అలవాటు ఆయనకు లేదు. నేరుగా వేదిక మీదే చదివేవారు. ఆవేశం కూడా అక్కడికక్కడే వచ్చేది.

చివరి మ్యాచ్ వచ్చింది. డ్రా చేసుకున్నా చాలు, జట్టు ఈ డివిజన్‌లో నిలుస్తుంది. తావ్ కొత్త లేసులు కట్టుకుని లేచేసరికి డైరెక్టర్ గారు స్వయంగా డ్రెస్సింగ్ రూముకి వచ్చారు.

"నువ్వు బెంచీ మీద కూర్చోవయ్యా."

"సార్, ఇది నా మూడువందలో మ్యాచ్."

"సోమవారం ప్రావిన్స్ సమీక్ష ఉంది. నీ కుడిచెయ్యి ఇప్పుడు నగరపు ఆస్తి."

"నేను ఆడేది కాళ్లతో సార్."

"అదే మా భయం. కాళ్లతో ఆడేవాడు పడితే చేతుల మీదే పడతాడు."

కోచ్ గారు గోడగడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. తావ్ బయటికి నడిచాడు.

పిలుస్తారేమోనన్న ఆశతో అతను తొంభై నిమిషాలూ మన గోల్ వెనకాలే ఒళ్లు వేడి చేసుకుంటూ గెంతాడు. ఎవరూ పిలవలేదు. మైదానంలో మనవాళ్లు ఏ దశలోనూ క్రమశిక్షణ తప్పలేదు. ఐదు గోల్స్ పడ్డాయి. జట్టు కింది డివిజన్‌కి పోయింది.

వీడియో కమిటీ టేపు పట్టుకుని కొలిచింది. ఐదో గోల్ పడినప్పుడు బంతికి దగ్గరగా ఉన్న హేషాన్ ఆటగాడు తావ్ లిషెంగ్, పదకొండు మీటర్లు. మైదానం లోపల ఉండాలని సర్క్యులర్ ఎక్కడా చెప్పలేదు.

ఆదివారం పొద్దున్న తావ్ రెండు ఆత్మవిమర్శలు రాశాడు. ఒకటి తనది, ఒకటి డైరెక్టర్ గారిది. రెండింటినీ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాడు. సోమవారం నింగ్ గారు పైనున్న కాగితం తీసుకుని వేదికెక్కారు. అది ఎవరిదో చూడలేదు.

"బంతి వచ్చినప్పుడు నేను అక్కడ లేను," అని మొదలుపెట్టారు. "ఉంటే ఆపేవాణ్నో లేదో తెలీదు. ఎదురు మాత్రం వెళ్లేవాణ్ని. పద్నాలుగేళ్లు అదే చేశాను. నాకు మూడువందలో మ్యాచ్ ఆడాలని ఉండింది. ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టుకున్నాను."

మేకు దగ్గర ఆయన గొంతు బొంగురుపోయింది. ప్రావిన్స్ క్రీడాశాఖ ఉపాధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇరవయ్యేళ్లలో ఇంత లోతైన ఆత్మవిమర్శ వినలేదు," అన్నాడాయన. "ఇలాంటి మనిషి ఇంట్లో ఆ మేకు ఖాళీగా ఉండకూడదు."

క్లబ్బు మేనేజరు స్టోరు గదికి పరిగెత్తాడు. మూడువందల అంకె వేసిన చొక్కా, అద్దాల ఫ్రేముతో సహా, అక్టోబరు నుంచీ అక్కడే ఉంది. ఉపాధ్యక్షుడు దాన్ని రెండు చేతులతో నింగ్ గారికి అందించి, వచ్చే వారం నుంచి ప్రావిన్స్ మొత్తం ఫుట్‌బాల్ బాధ్యత ఆయనదేనని ప్రకటించాడు. హాలు చప్పట్లతో మారుమోగింది.

వెనక వరుసలో తావ్ కూడా లేచి చప్పట్లు కొట్టాడు. నింగ్ గారు అది చూసి, ఫ్రేము చంకలో పెట్టుకుని, మైకులోనే కంగారుగా అరిచారు.

"తావ్, మెల్లగా! ఆ చెయ్యి జాగ్రత్త!"