సముద్రానికి ముప్పు తెచ్చిన పడవ

మనుషుల పనుల వల్ల సముద్రానికి ఎంత ముప్పుందో అంచనా వేసే సంఘం తన బాధ్యతను ఏకగ్రీవంగా నెరవేర్చిందని ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది.

పద్ధతి ఎంతో సులువైనది. ఎవరి పనికి వారే మార్కులు వేసుకోవాలి. ముప్పు ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే ఆకుపచ్చ. తన పని సంగతి తనకంటే ఎవరికి బాగా తెలుస్తుందని అధ్యక్షులవారి వాదన.

తమ యంత్రాలు అడుగునున్న బురదను ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తాయి తప్ప ఇంకేమీ చేయవని చెప్పి, రేవు తవ్వించే అధికారి ఆకుపచ్చ పెట్టుకున్నారు. సముద్రం ఎలాగూ ఉప్పగానే ఉంది కాబట్టి తమ నీటితో దాని రుచి చెడే ప్రసక్తే లేదని మురుగునీటి అధికారి తేల్చారు. పెద్ద వలల సంఘం కార్యదర్శి మరీ ముక్కుసూటి మనిషి. పట్టడానికి చేపలే మిగలనప్పుడు వాటికి తమ వల్ల ముప్పెలా ఉంటుందని నిలదీశారు. అందరూ బల్లలు చరిచారు.

ఇక మిగిలింది శాస్త్రవేత్త. అఖాతం అడుగున గడ్డి ఎంత మిగిలిందో, దాన్ని మేయడానికి తాబేళ్లు వస్తున్నాయో లేదో పాత పడవలో తిరిగి చూసే మనిషి ఆమె ఒక్కతే. రేవు తవ్వకం వల్లే ఆ గడ్డి తగ్గిపోతోందని ఆమె లెక్క. దాన్ని ఆపించాలనే ఆ సమావేశానికి వచ్చింది. తాను నిజం చెబితే మిగతావాళ్లు సిగ్గుపడతారని ఆశపడింది, పిచ్చితల్లి.

"మేం లంగరు వేసినచోట కాస్త గడ్డి తెగుతుందండీ. ఇంజను నూనె కూడా నాలుగు చుక్కలు పడుతుంది. మాకు ఎరుపే పెట్టండి. ఇంత చిన్న పడవకే ఎరుపైతే మరి రేవు..."

ఆపై మాట ఎవరికీ వినపడలేదు. ఎరుపు దొరికిన ఆనందంలో గది దద్దరిల్లింది.

"ఎట్టకేలకు దోషి దొరికింది. ఇంత నిర్భయంగా తప్పు ఒప్పుకున్న శాస్త్రాన్ని నా సర్వీసులో చూడలేదు" అన్నారు అధ్యక్షులవారు. ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు, పడవకు తాళం వేశారు.

"నిన్నెవరు ముందుకు దూకమన్నారే? నువ్వూ ఆకుపచ్చ పెట్టి రావాల్సింది" అంది ఇంట్లో అత్తగారు.

"అందరూ అలాగే అంటే సముద్రం ఏమైపోతుందత్తయ్యా?"

"ఇప్పుడేమైపోతుందో చూడ్డానికి నీ పడవ కూడా లేదు కదా."

ఆమె గడ్డి లెక్కల పుస్తకం మూసి అటక మీద పెట్టింది.

పడవ ఆగింది కనుక గడ్డి తగ్గిందన్న వార్తలూ ఆగాయి. సముద్రం కోలుకుందని ప్రకటన వెలువడింది. ఆ సంబరానికి ఊరంతా ఒడ్డుకు తరలివచ్చింది. మీరూ వచ్చారు. తాళం పడిన పడవ పక్కన నిలబడి శాస్త్రవేత్త మిమ్మల్ని చూసింది. మీరు తాగి ఒడ్డున పారేసిన ప్లాస్టిక్ గ్లాసుల సంగతి అడిగే అధికారం ఇప్పుడు ఎవరికీ లేదు. ఎవరి మార్కులు వారే వేసుకోవచ్చు.

ఇంతకీ మీరు ఏ రంగు పెట్టుకున్నారు?