బోర్లించిన గ్లాసు, మాయమైన మొగుడు

"ఈ మెలాబో ఊళ్లో నేరమనేది ఇంకా ఊపిరి పీలుస్తోందంటే కారణం ఒక్కటే, ఇద్రుస్. నేనూ మనిషినే. నాకూ నిద్ర కావాలి."

అలా ప్రకటించి రుస్లీ కుడికంట్లో భూతద్దం ఇరికించుకున్నాడు. వాచీలు బాగుచేసే అద్దం అది. ఊరందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక వాచీలు రావడం మానేశాయి. అద్దం ఖాళీగా ఉండటం చూడలేక రుస్లీ డిటెక్టివయ్యాడు. ఇంతవరకూ మూడు కేసులు పట్టాడు. మూడింట్లోనూ ఇద్రుస్‌నే అనుమానించాడు. ఎండుచేపలు అమ్ముకునే ఇద్రుస్ చేసిన పాపమల్లా చిన్నప్పుడు బళ్లో అతని పక్కన కూర్చోవడమే.

నాలుగో కేసు ఇద్రుస్ పక్కింట్లోనే పుట్టింది. సౌదా మొగుడు బంటా కనిపించడం లేదు.

వరండాలో బల్ల మీద సాసర్, దానిమీద బోర్లించిన గ్లాసు, పక్కన పుల్లలాంటి సన్నని గొట్టం. ఊళ్లో అందరూ తాగే ఖోప్ కాఫీయే. బరకగా దంచిన పొడి మీద మరిగే నీళ్లు పోసి, సాసర్‌తో మూసి, గ్లాసు తిరగేస్తారు. గొట్టంతో అంచు దగ్గర మెల్లగా ఊదితే కాఫీ కాస్త కాస్తగా సాసర్‌లోకి దిగుతుంది. మధ్యలో పని పడితే గ్లాసు అలాగే వదిలి వెళ్తారు. తిరిగొస్తానని అర్థం, ఎవరూ ముట్టుకోరు. మధ్యాహ్నం నమాజు పిలుపుకి కూడా రాకపోతే మాత్రం ఇంట్లోవాళ్లు గ్లాసు తీసేస్తారు. ఇక రాడని ఒప్పుకున్నట్టు.

"ఏడింటికి బోర్లించి లేచాడన్నయ్యా, పన్నెండు దాటింది" అంది సౌదా. "ఇరవయ్యారేళ్ల కాపురంలో ఇలా ఎన్నడూ లేదు. తప్పు నాదే. ఖోప్ మానేసి కాఫీ కొత్తకొత్తగా పెట్టి చూశాను. సోమవారం గుడ్డసంచిలో వడగట్టి, చెయ్యెత్తి సాగదీసి పోశాను. మూతి విరిచాడు. మంగళవారం గాజుకూజాలో కలిపి జల్లెడతో కిందికి నొక్కాను. కాఫీయా, కాళ్లు కడిగిన నీళ్లా అన్నాడు. నిన్న గాజుగరాటులో కాగితం పెట్టి చుక్కచుక్కగా దించాను. రెండు గుక్కలు తాగి గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఒకటే అరుపు! మా తాత ఖోపే తాగాడు, మా నాన్న ఖోపే తాగాడు, ఇంకోసారి ఈ వేషాలు వేస్తే ఇంట్లో ఉండనన్నాడు. నాకూ ఒళ్లు మండి, పొమ్మన్నాను." కళ్లొత్తుకుంది. "నిజంగానే పోయాడేమో."

"ఇంకేమైనా మాయమయ్యాయా?" అడిగాడు రుస్లీ.

"ఆ గరాటు, కాగితాలు, కెటిలు."

"చిల్లర దొంగతనాలు తర్వాత. ముందు హత్య సంగతి చూద్దాం."

"హత్యా!"

"కంగారు పడకమ్మా" అన్నాడు ఇద్రుస్. "పోయినేడు నా మేక తప్పిపోతే కూడా హత్యే అన్నాడు. అది వీడి పెరట్లోనే వీడి లుంగీ నములుతోంది."

రుస్లీ వెనక గుమ్మం దగ్గర చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఎర్రగా తడిసిన కాగితం ఒకటి బయటికి లాగాడు. "నెత్తుటి మరక! ఇంకా వెచ్చగానే ఉంది!" నాలిక చివర అద్దుకుని కళ్లు మూసుకున్నాడు. "చక్కెర వెయ్యని నెత్తురు."

"ఒరే, ఇటు చూడు. గ్లాసు నిండుగా ఉంది, సాసర్ పొడిగా ఉంది. బంటా ఒక్క గుక్క కూడా తాగలేదు."

"విషమని పసిగట్టాడు మరి! పసిగట్టినవాణ్ణి హంతకుడు వదులుతాడా?" రుస్లీ మెల్లగా ఇద్రుస్ వైపు తిరిగాడు.

"మళ్లీ నేనేనా?"

"పొద్దున ఏడింటికి ఎక్కడున్నావ్?"

"నీ పక్కనే. నీ గొడుగు మోస్తున్నా."

మసీదు మైకు గరగరమని గొంతు సవరించుకుంది. సౌదా చెయ్యి గ్లాసు దాకా వెళ్లి ఆగిపోయింది. "నావల్ల కాదన్నయ్యా. తీస్తే, రాడని నేనే ఒప్పుకున్నట్టు."

"తీయకూడదు! దానిమీద వేలిముద్రలుంటాయి!" అంటూ రుస్లీయే గ్లాసు ఎత్తేశాడు.

గ్లాసెడు కాఫీ బల్ల మీంచి నేరుగా అతని లుంగీలోకి దూకింది. ఎప్పుడో చల్లారిన కాఫీ. అయినా "యాసిడ్! యాసిడ్!" అని కేకపెట్టి వెనక్కి గెంతాడు, పిల్లి తోక తొక్కాడు, పిల్లి అతని పిక్క పట్టుకుంది. పెరట్లోకి పరిగెత్తి, ఆరేసిన దుప్పటి నెత్తిన చుట్టుకుని, దారి కనబడక కొబ్బరిచిప్పల పాక తడికని ఢీకొట్టాడు. తడికా డిటెక్టివూ కలిసి లోపలికి పడ్డారు.

లోపల బంటా గొంతుక్కూర్చుని, కెటిలు ఎత్తి, గాజుగరాటులోకి సన్నని ధారగా గుండ్రంగా తిప్పుతూ పోస్తున్నాడు.

"ముప్పైతొమ్మిది, నల... ఎవడ్రా అది! నలభైకి ఆపాలి, లెక్క పోయింది!"

తలెత్తితే ఎదురుగా సౌదా. ధార ఆగలేదు. గరాటు నిండి పొంగింది.

"ఎన్నోది?" అంది సౌదా.

"మూడోది." ఆమె కళ్లలోకి చూశాడు. "ఆరోది."

"మరి నిన్న ఆ అరుపులేంటి?"

"రెండో గుక్కకే మనసు పారేసుకున్నా సౌదా. ఊరంతా తిరిగి ఖోప్ గొప్పలు చెప్పినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్పను? గ్లాసు బోర్లించి వస్తే ఎవరూ వెతకరనుకున్నా. ఇదొక్కటి తాగి వచ్చేద్దామనుకున్నా, ఇంకొక్కటి..."

"నేను వెతికాను" అంది సౌదా.

బంటా కెటిలు కింద పెట్టేశాడు. తల గోక్కున్నాడు. సౌదా ముక్కు చీది, తిరగేసిన బుట్ట మీద అతని పక్కన కూర్చుంది. "కొత్త కాగితం పెట్టండి. నాకూ ఒకటి దించండి. లెక్క నేను పెడతా."

తడిక కింద నుంచి ఒక చెయ్యి లేచింది. "నా పథకం ప్రకారమే పడ్డాను! మొదట్నుంచీ ఈ పాక మీదే నా కన్ను!"

"ఏ కన్ను?" అడిగాడు ఇద్రుస్. అద్దం పిల్లి దగ్గరుంది.

కాసేపటికి సౌదా వరండాలోకి రెండు గ్లాసులు తెచ్చింది. ఇద్రుస్ ముందు బోర్లించి పెట్టింది. "ఈ ఇల్లు మీది అన్నయ్యా, పని చూసుకుని మళ్లీ రండి." రుస్లీ ముందు రెండోది నిటారుగా పెట్టింది. "మీరు మాత్రం ఇక్కడే, ఇప్పుడే తాగేయండి."

రుస్లీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చూశావా? నీకేమో మామూలుగా బోర్లించింది. నాకు ప్రత్యేకంగా నిటారుగా! మేధావికి మర్యాదంటే ఇదీ."

ఇద్రుస్ గొట్టం అందుకుని, గ్లాసు అంచు దగ్గర మెల్లగా ఊదాడు.