పేరు లేని గీత

ఆ ఉదయం గీతల గురువు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టైముకు ఆఫీసుకు చేరాలి, కొత్త ఖాతాదారులకు టెక్నికల్ ఎనాలిసిస్ అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పాలి, ఉద్యోగం నిలుపుకోవాలి. షేర్ల కంపెనీలో అతని పని ధరల గీతలు చదవడం, అందుకే ఆ పేరు. కిందటి క్లాసులో సగంమంది కునుకు తీశారు. "ఈసారి కూడా వాళ్ళు నిద్రపోతే, రేపట్నించి మీరు ఇంట్లో నిద్రపోవచ్చు" అని మేనేజరు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు గుర్తొచ్చి గురువు ముద్ద వదిలేసి లేచాడు.

అతనికి ఒక పిచ్చి ఉంది. గీతల్ని గ్రాఫు కాగితం మీద చేత్తోనే గీస్తాడు, దేని గీతో పేరు మాత్రం రాయడు. పేరు రాస్తే మనసు పేరు మీదికి పోతుందట. ఆ పిచ్చిని ఇంట్లో మెచ్చుకున్న ఏకైక వ్యక్తి మామగారు. అత్తగారి బీపీ రోజూ రెండు పూటలా కొలిచి, అల్లుడి కాగితం మీదే, అల్లుడి పద్ధతిలోనే ఆయన గీస్తారు. పేరు ఆయనా రాయరు. ఉన్నది ఒక్క భార్య, మళ్ళీ పేరెందుకు? మూలన మాత్రం సరదాకి ఒక సూర్యుణ్ణి, ఒక చంద్రుణ్ణి వేస్తారు.

క్లాసుకు గీసిన షేరు గీత, మామగారి బీపీ గీత, రెండు కాగితాలూ భోజనాల బల్ల మీదే ఉన్నాయి. బీపీ మిషన్లో బ్యాటరీలు అయిపోయాయని మామగారు బజారుకు వెళ్ళారు. కంగారులో గురువు చేతికందిన కాగితం లాక్కుని పరిగెత్తాడు.

క్లాసులో కాగితం పెద్ద తెర మీద పడింది. మేనేజరు చేతులు కట్టుకుని వెనకాల నిలబడ్డాడు. గురువు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"కంపెనీ ఏం తయారుచేస్తుంది, యజమాని మంచివాడా, ఇవేవీ మనకొద్దు. ధర ఇన్నాళ్ళూ ఎలా నడిచింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి తిరిగింది, అది చూసి ఇకముందు ఎటు నడుస్తుందో ఊహించడమే టెక్నికల్ ఎనాలిసిస్. అసలు గీత దేనిదో కూడా అడక్కూడదు!"

ఒక్కరూ నిద్రపోలేదు. అతనికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తెరిచి, గీత దేనిదో తనూ చూసుకోకుండా, కర్ర తీసుకుని తెర మీద పొడిచాడు. "చూడండి, మూడుసార్లు నూట అరవైని తాకి వెనక్కొచ్చింది. నాలుగోసారి ఆగదు. రాసిపెట్టుకోండి, ఇవాళే నూట ఎనభై!"

చప్పట్లు మోగాయి. అదే సమయానికి ఫోన్ మోగింది. భార్య.

"ఏవండీ, అమ్మ బీపీ డెబ్బైకి పడిపోయింది! నాన్న గీసిన కాగితం ఇప్పుడే చూశాను. డాక్టరుగారికి చెప్తే పడుకోబెట్టి, కాళ్ళెత్తి, ఉప్పునీళ్ళు పట్టమన్నారు. ఆయన వస్తున్నారు. మీరూ తొందరగా రండి!" అని పెట్టేసింది.

నిన్న డెబ్బైకి పడింది తను గీసిన షేరు కదా! గురువు మెల్లగా తలెత్తి తెర వైపు చూశాడు. మూలన సూర్యుడు, పక్కన చంద్రుడు.

తెర మీద ఉన్నది అత్తగారి బీపీ! భార్యకు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. అసలే ఎక్కువున్న బీపీకి ఉప్పునీళ్ళు! పైగా తన లెక్క ప్రకారం అత్తగారు ఇవాళ నూట ఎనభై దాటాలి. తన విద్య నిజమైతే అత్తగారు దక్కరు, అబద్ధమైతే ఉద్యోగం దక్కదు. "దేవుడా, నా విద్య అబద్ధం కానీ" అని జీవితంలో మొదటిసారి మొక్కుకుంటూ, కాగితం పీక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీశాడు.

ఇంట్లో అత్తగారు కాళ్ళు దిండ్ల మీద, తల కింద పెట్టుకుని శివాలెత్తుతున్నారు. "నాకేం కాలేదే అంటుంటే వినవేం! మూడు గ్లాసులు పోశావు, కడుపు ఉబ్బిపోతోంది!"

"మాట్లాడకమ్మా, ఇంకొక్క గుక్క" అని కూతురు ఏడుస్తూ గ్లాసు పట్టుకుంది.

"ఆపు! అది నా షేరు!" అని గురువు గుమ్మంలోంచే కేకేసి, లోపలికొచ్చి బల్ల మీది కాగితం లాక్కున్నాడు.

వెనకే వచ్చిన డాక్టరు తన మిషన్‌తో కొలిచాడు. "నూట ఎనభై" అన్నాడు.

 గురువు విద్య తొలిసారి ఫలించింది, అదీ అత్తగారి మీద! డాక్టరు మాత్ర వేసి, ఉప్పునీళ్ళు అవతల పారబోయించి, పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి అంకె దిగింది. భయం లేదన్నాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బ్యాటరీలతో తిరిగొచ్చిన మామగారు మాత్రం ఆ నూట ఎనభైని శ్రద్ధగా గీతలో చేర్చుకున్నారు.

అప్పుడు మేనేజరు ఫోన్ చేశాడు. మధ్యలో పారిపోయినందుకు ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ గురువు ఎత్తాడు.

"అది నూట ఎనభై తాకిందా?"

"తాకిందండీ" అన్నాడు గురువు ఏడుపు గొంతుతో.

"అబ్బ! క్లాసంటే అలా ఉండాలయ్యా! ఇకనుంచి క్లాసులన్నీ మీవే. ఇక్కడ జనం నన్ను పీక్కు తింటున్నారు, ఆ షేరు కొంటారట. ఎవరి దగ్గరుంది?"

గురువు మంచం వైపు చూశాడు. "మా మామగారి దగ్గరండీ. ఆయన ఇవ్వరు."

అంతా వింటున్న అత్తగారు కళ్ళు మూసుకునే అన్నారు. "ఇవ్వరో లేదో ఒకసారి ఆయన్ని అడిగి చెప్పండి అల్లుడుగారూ."